సగం నిండిన ట్యూబు

రక్తపరీక్షలలో శిక్షణకై మేము ముగ్గురం నగరంలోని ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో ఆరు మాసాలు గడిపాము. అక్కడ నేర్చిన విద్య అంతా ఈ పుటలలో పట్టదు. ఒక్క ఉదయం సంగతి మాత్రం మిత్రులతో చెప్పుకొంటాము. అది మాకు గర్వకారణమైనది కాదు.

ఆ ఉదయం వార్డులోని ఒక పెద్దమ్మ రక్తంలో పొటాషియం 7.9 అని యంత్రం చూపింది. ఉండవలసినది లీటరుకు సుమారు 3.5 మొదలు 5 మిల్లీమోళ్ళ వరకు. అంత హెచ్చితే గుండె లయ తప్పి ప్రాణానికే ముప్పు. ఇటువంటి అంకె రాగానే వార్డుకు ఫోను చేయాలన్న నియమం మాకు కంఠస్థం. చేశాము. కొంత దర్పంగానే చేశామని ఒప్పుకోవాలి. ఇన్సులిన్, గ్లూకోజు సిద్ధం చేయమని డ్యూటీ డాక్టరుగారు సిస్టరుతో అనడం ఫోనులోనే వినబడింది.

మా పెద్ద టెక్నీషియన్‌గారిని అందరం భాయ్‌సాబ్ అనేవాళ్ళం. ఆయన కాగితం చూసి, "కాల్షియం ఎంత?" అని అడిగారు. 4.6. ఉండవలసినది 8.5కు పైమాటే. మూత్రపిండాల జబ్బులోనూ ఈ జంట కనబడవచ్చు గాని, ఆమె క్రియాటినిన్ మామూలుగానే ఉంది. ఆయన వెంటనే ఫోను అందుకొన్నారు. "డాక్టర్ సాబ్, శాంపిల్ మీద అనుమానం. మందు ఆపండి, ఇ.సి.జి. చూడండి, రక్తం మళ్ళీ తీస్తాము."

ఊదామూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఇ.డి.టి.ఎ. ఒక పొటాషియం లవణం. అది కాల్షియాన్ని బంధిస్తుంది. రక్తం గడ్డకట్టకపోవడం అందువల్లనే. ఆ రక్తం ఎర్రమూత ట్యూబులో కలిసిందా, పొటాషియం లేస్తుంది, కాల్షియం జారుతుంది. లెవీ, జెన్నింగ్స్ అనే ఇద్దరు 1950లో ప్రయోగశాలలకు పరిచయం చేసిన కంట్రోలు పటంపై ఆనాటి మా చుక్కలన్నీ గీతల నడుమనే ఉన్నాయి. యంత్రం తన ముందుంచిన దానిని నిజాయితీగానే కొలిచింది. తప్పు అంతకుముందే జరిగిపోయింది.

మాలో ఒకరి ముఖం పాలిపోయింది. తెల్లవారుజామున ఆ పెద్దమ్మకు నరం దొరకక ఎర్రమూత ట్యూబు సగమే నిండితే, ముసలి చేతికి మరల సూది గుచ్చడానికి మనసొప్పక, ఊదా ట్యూబులోని రక్తం కొంత అందులోకి వంచినది మాలో ఒకరే. ఎవరన్నది వ్రాయము. భాయ్‌సాబ్ కూడా అడుగలేదు.

రెండవసారి రక్తానికి ముగ్గురమూ వెళ్ళాము. "మళ్ళా ఎందుకు బిడ్డా?" అన్నదామె. పొరపాటు మాదేనని చెప్పాము. ఏమీ అనక రెండో చేయి చాచింది. ఈసారి పొటాషియం 4.4, కాల్షియం 9.1. సవరించిన రిపోర్టులో పాత అంకెలను చెరిపివేయలేదు. తప్పు అంకె, సరైన అంకె, మార్చిన వేళ, సంతకం, అన్నీ అందులో ఉన్నాయి.

తప్పుల రిజిస్టరు మా చేతికిచ్చారు. కారణం గడిలో "అజాగ్రత్త" అని, దిద్దుబాటు గడిలో "ఇకపై జాగ్రత్తగా ఉంటాము" అని వ్రాశాము. ఆయన రెంటినీ ఒక్కొక్క గీతతో కొట్టివేసి పక్కన పొట్టిసంతకం చేశారు. "జాగ్రత్త నిన్నా ఉంది కదా! ముందు ఏ ట్యూబు నింపారు? సగమే నిండితే ఏం చేయాలో మీకెవరు చెప్పారు?"

ముందు ఊదాది నింపాము. మాకెవరూ చెప్పలేదు.

కారణం గడిలో ఆయన తన పేరే వ్రాసుకొన్నారు, శిక్షణ ఇవ్వనిది తానని. మాకు సిగ్గుతో తల ఎత్త బుద్ధి కాలేదు. ఎర్రమూత ట్యూబు ముందు, ఊదాది తరువాత అన్న వరుస గోడకెక్కింది. ట్యూబు నుండి ట్యూబుకు వంచరాదనీ, పొటాషియం 6 దాటితే కాల్షియం చూడనిదే ఫోను ఎత్తరాదనీ వ్రాతపూర్వకంగా వచ్చింది. ఈ చివరిదానితో మాలో ఒకరికి ఇప్పటికీ పేచీ ఉంది. నిజంగా ప్రాణాపాయమైతే ఆలస్యం కాదా అని. అందుకు భాయ్‌సాబ్, "కాల్షియం చూడటానికి ఎంతసేపు?" అని నవ్వేవారు.

చివరి గడి "ఫలించినదా?" అన్నది మాసం రోజులు ఖాళీగానే ఉంది. ఆ మాసంలో సగం నిండిన ట్యూబులు తొమ్మిది వచ్చాయి. తొమ్మిదింటికీ మళ్ళీ రక్తం తీశామని లెక్క చూసుకొన్నాకనే ఆయన అక్కడ సంతకం చేశారు.