వద్దన్న సంగీతం

అన్నలూ, తమ్ముళ్లూ, రాత్రి మోటారు దగ్గర కూర్చుని ఫోన్లో వింటున్న సంగీతం గురించి చెప్తా. చేసినాయన ఫ్రాన్సు సినిమా సంగీత దర్శకుడు ఫ్రాన్స్వా ద రూబే. సంగీతం బడికి పోలేదు, సొంతంగా నేర్చుకున్నాడు. సముద్రమంటే ప్రాణం. సముద్రాల మీద సినిమాలు తీసే కూస్తో అంటార్కిటికా సినిమాకి ఇంట్లోనే సింథసైజర్లతో బాణీలు కట్టాడు. అవి వద్దన్నారు. 1975లో కానరీ దీవుల దగ్గర సముద్రంలో డైవింగ్‌కి దిగి 36 ఏళ్లకే పోయాడు. టేపులు మిగిలాయి. ఎన్నో ఏళ్లకి డిస్కుగా వచ్చాయి.

దాచబట్టే కదా మన చెవిన పడింది! మన ఊళ్లల్లో నాట్ల పాటలొచ్చిన పెద్దమ్మలు ఇంకా కొందరున్నారు. ఈ నాట్లకే ఫోన్లో రికార్డు చేయండి. విత్తనం దాచినట్టు దాచండి. అడిగేవాళ్లు తర్వాతైనా వస్తారు.