తారిక్ కొండలోని గుహ

జిబ్రాల్టర్ అన్నది 'జబల్ తారిక్' అన్న అరబ్బీ మాటకు మారిన రూపమనీ, క్రీ.శ. 711లో ఆ జలసంధిని దాటిన తారిక్ బిన్ జియాద్ పేరిట అది వెలసిందనీ చిన్ననాడు మా దాదా చెప్పేవారు. ఏది చెప్పినా చివర "వల్లాహు ఆలమ్" అనేవారు. సత్యం దైవానికే ఎరుక అని దాని అర్థం.

ఆ కొండ పాదాన సముద్రపుటొడ్డున గోర్హామ్ గుహ ఉన్నది. నియాండర్తల్ మానవులు 28,000 సంవత్సరాల క్రితం దాకా అక్కడ జీవించారని, పొయ్యి బొగ్గుల ఆధారంగా పరిశోధకులు 2006లో ప్రకటించారు. విద్యార్థి దశలో ఆ వార్త చదివాను. తమ జాతి అంతరించిపోగా, సముద్రం వైపు చూస్తూ కడసారి నెగడు వేసుకొన్న ఆ మనుషుల రూపం నా మనస్సులో నిలిచిపోయింది. అధ్యాపకుడనైన పిదప తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను.

ఒకనాడు ఒక విద్యార్థిని లేచి, "సార్, వాళ్లు 40,000 ఏళ్ల క్రితమే పోయారని పుస్తకంలో ఉంది. ఏది నిజం?" అని అడిగింది. నావద్ద సమాధానం లేదు. ఆ రాత్రి పుస్తకాలు తిరగవేశాను.

బొగ్గు వయస్సును అందులోని రేడియో కార్బన్‌ను బట్టి లెక్కిస్తారు. అది 5,730 సంవత్సరాలకు సగమవుతుంది. 40,000 ఏళ్లకు నూటికి ఒక వంతు కూడ మిగలదు. అంతటి స్వల్పంలో ఇటీవలి కార్బన్ కాసింత కలిసినా, ప్రాచీన వస్తువు వయస్సు వేల ఏళ్లు తగ్గి కనిపిస్తుంది. మలినాలను మరింత శ్రద్ధగా తొలగించి, ఐరోపాలోని అనేక స్థలాల ఎముకలను, బొగ్గును పరీక్షించి 2014లో వెలువరించిన పరిశోధన, నియాండర్తల్‌ల అంతం సుమారు 40,000 ఏళ్ల క్రితమని తేల్చింది. గోర్హామ్ లెక్కను నేడు ఎక్కువమంది అంగీకరించరు.

నేను ప్రేమించిన ఆ చిత్రం చెదిరిపోయింది. బాధ కలిగిన మాట నిజం. అయితే గుహ చిన్నబోలేదు. అదే 2014లో, ఆ గుహ నేలరాతిపై వారు చెక్కిన అడ్డుగీతలు వెల్లడయినవి. అవి 39,000 ఏళ్లకు పైబడినవి. ఆఫ్రికా వెలుపలి మూలాలు గల మన జన్యువులలో నూటికి సుమారు 2 వంతులు వారినుండి వచ్చినవే. పూర్తిగా పోయినవారని అనడానికీ వీలులేదు.

మరునాడు తరగతిలో నా పొరపాటు ఒప్పుకొని, నల్లబల్లపై 28,000 కొట్టివేసి 40,000 అని వ్రాశాను. వ్రాసి, మా దాదా మాట కూడ చేర్చాను: "వల్లాహు ఆలమ్."

విద్యార్థులారా, ఆ ప్రశ్న అడిగిన అమ్మాయికి నేను ఋణపడి ఉన్నాను.