ఆరొందల యాభై గుర్రాలు... నాచారం దారి!

ఆదివారం పొద్దున ఆరింటికి ఉప్పల్ చౌరస్తాను ఒక్కసారి చూడాలి. 'జనగామ, హన్మకొండ...' అంటూ కేకేసే కండక్టర్లు, ఇడ్లీ బండి దగ్గర పొగలు, ఊరెళ్లే సంచులు, పైన 2023లో తెరిచిన స్కైవాక్ మీద మెట్రో అందుకోవడానికి పరుగులు. వారమంతా కదలక నిలబడే రోడ్డు ఆ ఒక్క గంటా కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. సరిగ్గా అప్పుడే రామంతాపూర్ వైపు నుంచి నేలకు అంటుకున్నట్టు వెడల్పాటి కారు ఒకటి వచ్చిందనుకోండి. గుండ్రటి కళ్లు, వెనక్కి వాలిన వీపు, దాని మీద రెక్క. పేరు పోర్షే 911 టర్బో ఎస్. 2020లో మన దేశంలోకి వచ్చినప్పుడు షోరూమ్ ధరే 3.08 కోట్ల రూపాయలు!

హైదరాబాద్‌లో ఇలాంటి కారు ఎక్కడ ఆగినా చుట్టూ నలుగురు చేరతారు. మొదటి ప్రశ్న కూడా ఒక్కటే: 'అన్నా, లీటరుకు ఎంతిస్తది?' కంపెనీ లెక్కలోనే ఎనిమిది కిలోమీటర్ల దగ్గర. ఆ జవాబు విన్నాక సగం మంది జాలిగా చూసి వెళ్లిపోతారు. మిగిలిన సగం మంది ఉంటారే... వాళ్లే అసలు ప్రశ్నలు అడిగేవాళ్లు. వాళ్లలో నాచారం వర్క్‌షాపులో పనిచేసే టర్నరో ఫిట్టరో ఒకరైనా ఉండితీరతారు.

ఆ కారులో ఉన్నది 3,745 సీసీ ఇంజిన్. ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, 650 హార్స్‌పవర్. అదే కూడలిలో యాభై మందిని ఎక్కించుకుని బయల్దేరే ఆర్డినరీ బస్సుకు మామూలుగా రెండొందల లోపే ఉంటుంది. అంటే మూడు బస్సుల బలం ఇద్దరి కోసం! (వెనక రెండు సీట్లు ఉన్నాయంటారు గానీ, వాటిలో పిల్లలో బ్యాగులో తప్ప పెద్దవాళ్లు పట్టరు.)

సున్నా నుంచి గంటకు 100 కి.మీ. వేగానికి 2.7 సెకన్లు. ఈ అంకె చదివితే ఏమీ అనిపించదు. ఇలా చూడండి. పదమూడు అంతస్తుల మేడ మీది నుంచి ఒక కొబ్బరికాయ జారవిడిస్తే అది గంటకు 100 కి.మీ. వేగం అందుకోవడానికి 2.8 సెకన్లకు పైనే పడుతుంది. అప్పటికి దాదాపు నేలను తాకుతుంది. అంటే ఈ కారు రోడ్డు మీద అడ్డంగా 'పడిపోతుంది', అదీ భూమి లాగే దానికన్నా గట్టిగా. అందుకు కావాల్సిన చోటు నలభై మీటర్ల లోపే. మూడున్నర ఆర్టీసీ బస్సుల పొడవు!

బలం వెనకే ఎందుకు?

మెట్రో స్తంభాల పక్కనే హబ్సిగూడ వైపు సాగుదాం. స్టేడియం, సర్వే ఆఫ్ ఇండియా, ఎన్‌జీఆర్‌ఐ... కొలతలే పనిగా పెట్టుకున్న సంస్థలున్న దారి ఇది. 911 కథ కూడా ఒక మొండి కొలతతోనే మొదలైంది. కారుకు ఇంజిన్ ముందుండాలని లోకమంతా అంటుంటే, పోర్షే వాళ్లు వెనక చక్రాలకన్నా వెనక్కి తీసుకెళ్లి పెట్టారు. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో దాన్ని 901 అన్న పేరుతో చూపించారు. నడుమ సున్నా ఉన్న మూడంకెల పేర్లు మావి అని ఫ్రాన్స్‌లో ప్యూజో అభ్యంతరం చెప్పడంతో 911 అయింది. అరవై ఏళ్లు దాటినా ఆ పేరూ మారలేదు, ఇంజిన్ చోటూ మారలేదు.

లాభం ఏమిటంటే... కారు ముందుకు దూకేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది. ఇంజిన్ కూడా అక్కడే ఉంటే వెనక టైర్లు నేలను కరచుకుంటాయి. నిండు బిందె నెత్తిన పెట్టుకున్న మనిషి కాలు గట్టిగా ఆనినట్టన్నమాట. చిక్కు కూడా అక్కడే ఉంది. మలుపులో భయపడి ఒక్కసారి యాక్సిలరేటర్ వదిలేస్తే బరువు ముందుకొస్తుంది, వెనక టైర్ల పట్టు సడలుతుంది, తోక బయటికి తిరిగిపోతుంది. 1974లో పారిస్‌లో వచ్చిన మొదటి 911 టర్బోకు ఉన్నవి 260 హార్స్‌పవరే. అయినా మంచి మంచి డ్రైవర్లను గడగడలాడించింది. ఇప్పుడు నాలుగు చక్రాలకూ శక్తి పంచే ఏర్పాటు, తిరిగే వెనక చక్రాలు, సెకనుకు ఎన్నోసార్లు లెక్కలు వేసే కంప్యూటర్లు కలిసి ఆ తోకను అదుపులో పెడుతున్నాయి.

ఇంజిన్ రకాన్ని బాక్సర్ అంటారు. పిస్టన్లు నిలువుగా కాకుండా నేలకు సమాంతరంగా పడుకుని, అటొకటి ఇటొకటి ఎదురెదురుగా కదులుతాయి. ఒకదాని కుదుపును ఇంకొకటి మింగేస్తుంది. ఇంజిన్ ఎత్తు తగ్గి బరువంతా కిందికి దిగుతుంది. చాలాకాలం దీన్ని గాలితోనే చల్లబరిచారు. 1997లో వచ్చిన తరంతో నీళ్లు చేరాయి. అభిమానులు కొందరు అప్పుడు అలిగినవాళ్లు ఇంకా అలకపాన్పు దిగలేదు!

పైపు మూతి మీద బొటనవేలు

హబ్సిగూడ దగ్గర కుడికి తిరిగితే నాచారం దారి. ఇక్కడి నుంచి వాసన మారుతుంది. ఒక సందులో మందుల ఘాటు, ఇంకో సందులో కాలిన నూనె, తర్వాత రబ్బరు, బిస్కెట్లు. ఎన్టీఆర్ కట్టుకున్న రామకృష్ణ హార్టికల్చరల్ స్టూడియో ఈ నాచారంలోనిదే. మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడలు ఇటూ అటూ. ఒక కాలనీ పేరే హెచ్ఎంటీ నగర్. యంత్రాల్ని తయారుచేసే యంత్రాల్ని తయారుచేసిన సంస్థ పేరది.

ఈ వీధుల్లో షట్టర్ సగం ఎత్తి ఉన్న ఏ లేత్ షాపులోకి తొంగిచూసినా, ఆ జర్మన్ కారు గొప్పతనం ఎక్కడుందో చెప్పగల మనిషి ఉంటాడు. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అందులో పదో వంతు తేడా వచ్చినా ముక్కను పక్కన పడేయాల్సిన పనులు ఇక్కడ రోజూ జరుగుతాయి. టర్బో అంటే అదే పని, కాకపోతే నిప్పుల మధ్య. ఇంజిన్ వదిలే పొగ ఒక చిన్న చక్రాన్ని నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం గాలిని నొక్కి ఇంజిన్లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ మండుతుంది, బలం పెరుగుతుంది. పారేసే పొగతోనే పని చేయించుకోవడమన్నమాట.

పాత టర్బోలతో చిక్కల్లా ఆలస్యం. కాలు నొక్కాక పొగ పుంజుకుని చక్రం వేగం అందుకునేదాకా ఆగాలి. ఆ తర్వాత ఒక్కసారిగా తన్నినట్టు బలం వచ్చేది. మందు కనిపెట్టడం తేలికే. చెట్లకు నీళ్లు పట్టేటప్పుడు ధార చాలకపోతే ఏం చేస్తాం? పైపు మూతిని బొటనవేలితో నొక్కుతాం. టర్బో చక్రం చుట్టూ కదిలే రేకులు పెట్టి, పొగ తక్కువున్నప్పుడు దారి ఇరుకు చేస్తే సరి. డీజిల్ ఇంజిన్లలో ఈ పద్ధతి ముందునుంచీ ఉంది. పెట్రోలు పొగ అంతకన్నా చాలా వేడి, వెయ్యి డిగ్రీల దగ్గర. ఆ వేడిలో రేకులు వంగకుండా, ఇరుక్కోకుండా కదలాలి. విమాన ఇంజిన్లకు వాడే తరహా మిశ్రమ లోహాలతో 2006 నాటి 911 టర్బోలో పోర్షే దాన్ని సాధించింది. ఆలోచన తోటమాలిది, కష్టమంతా లోహానిది!

గేర్లది ఇంకో కథ. పీడీకే అనే గేరుబాక్సులో రెండు క్లచ్‌లుంటాయి. ఒకటి బేసి గేర్లకు, ఇంకొకటి సరి గేర్లకు. మూడో గేరులో పోతుండగానే నాలుగోది పళ్లు కలుపుకుని సిద్ధంగా ఉంటుంది. పెళ్లి బంతిలో అన్నం వడ్డించినవాడు కదలకముందే పప్పు గరిటె విస్తరి మీదికి వచ్చినట్టు! 1980ల్లో పోర్షే దీన్ని రేసు కార్లలో నలగ్గొట్టి, 2008లో రోడ్డు మీది 911లోకి తెచ్చింది. తయారీలో తోడున్నది జెడ్ఎఫ్ అనే జర్మన్ సంస్థ. 1915లో జెప్పెలిన్ గాలి ఓడల పళ్లచక్రాల కోసం పుట్టిన కంపెనీ అది. దానికి 2017 నుంచి హైదరాబాద్‌లోనే టెక్నాలజీ సెంటర్ ఉంది. కాకపోతే నగరం పడమటి చివర. తూర్పున చెయ్యి నల్లబడే పని, పడమట కీబోర్డు పని.

రెండు లీటర్ల నీళ్లు

ఈఎస్ఐ ఆసుపత్రి దగ్గరికొచ్చేసరికి వేగం మాట మర్చిపోవాల్సిందే. ఆటోలు, మందుల చీటీలు పట్టుకుని రోడ్డు దాటేవాళ్లు, భర్తను చెయ్యి పట్టి నడిపించే ముసలమ్మలు. బండి ఎంత త్వరగా కదులుతుందన్నది ఇక్కడ ఎవరికీ పట్టదు. ఎంత త్వరగా ఆగుతుందన్నదే లెక్క.

1,640 కిలోల కారు 100 కి.మీ. వేగంతో పోతున్నప్పుడు అందులో దాగిన శక్తితో రెండు లీటర్ల చన్నీళ్లు మరిగించొచ్చు. బ్రేకు తొక్కితే ఆ వేడంతా కొద్ది సెకన్లలో నాలుగు పళ్లేల్లోకి దిగాలి. వేగం మూడింతలైతే? వేడి మూడింతలు కాదు, తొమ్మిదింతలు. 300 కి.మీ. దగ్గర ఒక పెద్ద బిందెడు నీళ్లు మరిగేంత! ఈ కారు గరిష్ఠ వేగం 330. అందుకే ముందు చక్రాలకు 420 మిల్లీమీటర్ల డిస్కులు, ఒక్కోదాన్ని నొక్కడానికి పది పిస్టన్లు. ఆ డిస్కులు ఇనుము కావు. కార్బన్ పోగులు కలిపి, మహా వేడిలో కాల్చి చేసిన పింగాణీ. పోత ఇనుముతో పోలిస్తే బరువు దాదాపు సగం.

కార్బన్ మిశ్రమాలంటే హైదరాబాద్‌కు కొత్త కాదు. అగ్ని క్షిపణి తిరిగి వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు కాలిపోకుండా కాపాడే కవచాన్ని ఈ నగరంలోని రక్షణ ప్రయోగశాలలే తయారుచేశాయి. ఆ తేలికపాటి పదార్థాన్ని చూసిన నిమ్స్ వైద్యులు, పోలియో పిల్లల కాళ్లకు పనికొస్తుందా అని అడిగారు. మూడు కిలోలకు పైగా బరువుండే కాలిపర్లు 300 గ్రాములకు దిగాయి. ఆ పిల్లలు నడవడం చూసిన ఆనందాన్ని అబ్దుల్ కలాం తర్వాత ఎన్నోసార్లు గుర్తుచేసుకున్నారు.

ఇంత బ్రేకున్నా ఒక ఆలస్యాన్ని ఏ జర్మన్ ఇంజినీరూ తగ్గించలేడు. ఎదురుగా మనిషి కనిపించాక కాలు బ్రేకు మీద పడటానికి సుమారు ఒక సెకను. 60 కి.మీ. వేగంలో ఆ సెకనులోనే బండి 17 మీటర్లు వెళ్లిపోతుంది. మూడు కోట్ల కారైనా, సెకండ్ హ్యాండ్ మారుతీ అయినా అంతే. ఆ 17 మీటర్లలో ఎవరున్నారన్నదే ప్రశ్న.

గడ్డం గీసుకోకుండా...

నాచారం దాటి మల్లాపూర్ వైపు వెళ్తే అసలు పరీక్ష మొదలు. చర్లపల్లి చమురు డిపోల ట్యాంకర్లు, సిమెంటు లారీలు, వాటి బరువుకు నలిగిన తారు. వాటికి తోడు స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ప్రకారం ఒక్కోటి 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. వీధుల్లో ఉన్నవాటికి ఆ సంగతి తెలిసినట్టు లేదు! కాలనీవాళ్లను తప్పుపట్టలేం. బిడ్డలు బడికెళ్లే దారిలో బండ్లు ఆగకపోతే ఎవరైనా అదే చేస్తారు.

దీనికీ పోర్షే దగ్గర ఓ ఉపాయం ఉంది. మీట నొక్కితే కారు ముక్కు సుమారు నాలుగు సెంటీమీటర్లు లేస్తుంది. ఎక్కడ లేపారో ఉపగ్రహ సాయంతో గుర్తుపెట్టుకుని, మళ్లీ అక్కడికొచ్చినప్పుడు తనే లేపుతుంది. నాచారం నుంచి మల్లాపూర్ దాకా అయితే దింపే అవసరమే రాకపోవచ్చు.

నవ్వులాటకు కాదు గానీ, యంత్రానికి తగిన దారి లేకపోతే ఏమవుతుందో హైదరాబాద్ ఒకసారి కళ్లారా చూసింది. 2016 రియో ఒలింపిక్స్ తర్వాత గోపీచంద్ అకాడమీలో సచిన్ టెండూల్కర్ చేతుల మీదుగా సింధు, సాక్షి మలిక్, దీపా కర్మాకర్‌లకు బీఎండబ్ల్యూ కార్లు అందాయి. జిమ్నాస్ట్ దీప తన కారును అగర్తలాలో నడపలేకపోయింది. రోడ్లు ఇరుకు, ఊళ్లో సర్వీస్ సెంటర్ లేదు. చివరికి దానికి బదులు డబ్బు తీసుకుని హ్యుందాయ్ కొనుక్కుంది. తెలివైన పని.

జర్మనీలో ఆటోబాన్ ఉంది. చాలా భాగాల్లో వేగానికి హద్దు లేదు, 130 దాటొద్దని 1978 నుంచి సలహా మాత్రమే. నూర్బుర్గ్‌రింగ్ అని 20.8 కిలోమీటర్ల కొండదారి ట్రాక్ ఉంది. 2025లో వచ్చిన కొత్త టర్బో ఎస్, విద్యుత్ సాయంతో 711 హార్స్‌పవర్‌కు చేరి, దాన్ని 7 నిమిషాల 3.92 సెకన్లలో చుట్టేసింది. మనకు దగ్గర్లో ఉన్నది ఘట్‌కేసర్ దగ్గర ఎక్కే ఔటర్ రింగ్ రోడ్డు. 158 కి.మీ. పొడవు, 2023లో హద్దును 120కి పెంచారు. ఉప్పల్ నుంచి అక్కడికి వెళ్లాలంటే నారపల్లి దారి పట్టాలి. అక్కడ ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై, ఏళ్ల తరబడి స్తంభాలతోనే సరిపెట్టాయి. అదే 2023 ఫిబ్రవరి 11న పోర్షే రేసు కారు హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తింది. ఫార్ములా ఈ పోటీలో మూడో స్థానం. పొగ లేదు, టర్బో లేదు, ఈల లాంటి చప్పుడు మాత్రమే. మరుసటి ఏడాది పోటీ రద్దయింది.

నాచారానికీ మార్పు ముంచుకొస్తోంది. ఔటర్ లోపలి పారిశ్రామిక భూములను ఇళ్లకు, దుకాణాలకు కూడా వాడుకునేలా 2025లో ప్రభుత్వం హిల్ట్ విధానం తెచ్చింది. షెడ్డు స్థలం యజమానికి అది లాభమే. ఆ షెడ్డులో ముప్పై ఏళ్లుగా మైక్రోమీటర్ పట్టుకున్న ఫిట్టర్‌కు మాత్రం ఎక్కడికెళ్లాలన్నదే ఆలోచన. ఆదివారం కదా, చాలా షట్టర్లు మూసే ఉంటాయి. అర్జెంటు ఆర్డరున్న ఒకటి రెండు చోట్ల మాత్రం లేత్ తిరుగుతూనే ఉంటుంది. గుమ్మం ముందు ఉంగరాలు తిరిగిన ఇనుప పొట్టు, దాని మీద నీలం రంగు నూనె మెరుపు. ఆ సందులోకి వెడల్పాటి జర్మన్ కారు ఏదీ పట్టదు.