లెక్కల పుస్తకంలో కొత్త పుట

మా ఇంట్లో పాలు, బియ్యం, ఇంటి కిరాయి, నాన్న మందులు, అన్నీ ఒకే పుస్తకంలో రాస్తాము. దీపావళి వెళ్ళిన తరువాతి ఆదివారం నా భార్య అందులో కొత్త పుట తీసి, పైన "పాప లేక బాబు" అని రాసి కింద గీత గీసింది. పెళ్ళయి అయిదేళ్ళు. "ఇంకొక్క ఏడాది ఆగుదాం" అని అప్పటికే నాలుగుసార్లు అనుకున్నాము. ఆమెకు ముప్ఫై రెండు నిండాయి.

నాది గోదావరిఖనిలో, సింగరేణి ఆఫీసులోనే, కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని. చేతికి 15,000 వస్తాయి. ఆమెకు ఒక ప్రైవేటు బడిలో 9,000. వేసవిలో అదీ సగమే. అన్నీ పోగా నెలకు మూడు వేలు మిగిలితే గొప్ప.

నాన్న తరంలో ఎవరూ ఈ లెక్క వేయలేదు. ఆయన భూగర్భ గనిలో తట్టా చెమ్మస్ పట్టిన కోల్‌ఫిల్లరు. కంపెనీ క్వార్టరు, కంపెనీ ఆసుపత్రి, కాన్పులు కూడా అక్కడే. కొడుకు పుడితే ఇంట్లో ఇంకో మస్టరు పుట్టిందని నవ్వేవారట. తండ్రి ఉద్యోగం కొడుక్కి వస్తుందన్న ధీమా అది. (కూతురు పుడితే ఆ మాట ఎవరూ అనలేదు. అది వేరే వ్యాసం.)

ఆ ధీమా తొంభైల చివర తెగింది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని మళ్ళీ తెస్తే 2017లో హైకోర్టు కొట్టివేసింది. తరువాత కారుణ్య నియామకాలుగా మరో దారి తెరుచుకుంది. నాన్న అన్‌ఫిట్ అయ్యాక 2019లో ఆ ఉద్యోగం అన్నయ్యకు వచ్చింది. ఇద్దరు కొడుకులు, ఒకటే ఉద్యోగం. ఇందులో ఎవరినీ అనడానికి లేదు. తొంభైల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు నేడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. కాంట్రాక్టు వాళ్ళం వేలల్లో ఉన్నాము. 2024లో లాభాల వాటా ప్రకటించినప్పుడు పర్మనెంటు కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలు, మాకు తొలిసారిగా అయిదు వేలు. ఆ సాయంత్రం అన్నయ్య మిఠాయి పెట్టె తెచ్చాడు. నేనూ తెచ్చాను, చిన్నది.

కాన్పు ఖర్చు రాయడం తేలిక, సర్కారు దవాఖానా ఉంది. కష్టమైనది ఆమె జీతం గడి. ఇరవై ఆరు వారాల జీతంతో కూడిన సెలవు 2017 నుండి చట్టంలో ఉంది. బడివాళ్ళను అడిగితే, "కాన్పయ్యాక జూన్‌లో రండి మేడం, ఖాళీ ఉంటే చూద్దాం" అన్నారు. గొడవ పడితే ఉన్నదీ పోతుందని ఆమె ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నాకింకా గుచ్చుకుంటుంది.

అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది. "ఏం లెక్కలు బిడ్డా! నారు వోసినోడు నీరు వోయడా?" అంది. ఆ నీరు పోసింది కంపెనీయేనని చెప్పాలనిపించింది, చెప్పలేదు. రాత్రి ఆమె మాత్రం ఒక మాట అంది: "మీ నాన్నగారు మనవడికి ఇవ్వడానికి ఉద్యోగం లేదు, మనకూ లేదు. అట్లాగని పుట్టేవాడు గనిలోకే పోవాలా? చదివిద్దాం. ఒక్కరినే. ఏడో నెల దాకా బడికి పోతాను, ఆ తరువాత ఇంట్లో ట్యూషన్లు చెబుతాను." పుటలో ఆ ట్యూషన్లకు రెండు వేలని రాసింది. నాకది ఎక్కువనిపించి పదిహేను వందలుగా దిద్దాను. మొత్తం ఇప్పటికీ సరిపోలేదు. అయినా ఆగుదామన్న మాట ఈసారి ఇద్దరమూ అనలేదు.

సోమవారం పోస్టాఫీసుకు వెళ్ళి నెలకు వెయ్యి రూపాయల ఆర్డీ తెరిచాము. అరవై నెలలు. బిడ్డను బడిలో వేసే వేళకు అందుతుందని ఆమె అంచనా. ఫారంలో నామినీ ఎవరని గుమాస్తా అడిగితే, ఆమె ఒక్క క్షణం ఆగి, నా పేరు చెప్పింది.