కళ్లెం కింది చర్మం

మచ్చ అంచు తిన్నగా ఉంది. తెల్ల ఆడగుర్రం చెవి వెనక నుంచి చెంప ఎముక మీదుగా దవడ దాకా రెండు వేళ్ల వెడల్పున వెంట్రుకలు రాలిపోయి, కింద చర్మం కమిలి గులాబీ రంగుకు తిరిగింది. మధ్యమధ్య ఎండిన పొక్కులు. గోడకు తగిలించిన తలకట్టు తీసి పక్కన పెట్టి చూస్తే పట్టీ ఎంత వెడల్పో మచ్చా అంతే వెడల్పు. బకిల్ కూర్చునేచోట చర్మం మీద చిన్న చదరం కూడా అచ్చుపడింది. దోమలు, ఈగలు ఇంత కొలిచి కుట్టవు.

గద్వాల కోటకు కాస్త దూరంలో, పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తోలే కుటుంబం ఇల్లది. గుర్రానికి తొడిగే సరంజామా వల్ల దాని ఒంటికి అలర్జీ వస్తుందా, వస్తే ఎలా గుర్తుపట్టాలి అన్నది తెలుసుకోవాలని పాలమూరు వైపు బయల్దేరాను. 2016లో దాని నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేర్వేరు జిల్లాలయ్యాయి గానీ జనం రాకపోకలకు, పశువుల సంతలకు ఇప్పటికీ ఇదంతా ఒకటే సీమ.

"గిరాకీ మంచిగొస్తదని పట్నం నుంచి కొత్త సెట్టు తెప్పిస్తి సారూ," అన్నాడు యజమాని. "మొదట్ల ఏం గాలె. రెండు మూడు బరాత్‌లు అయినంక మొఖం గోడకేసి రుద్దుడు మొదలువెట్టె. కొత్తది గదా, అలవాటైతదిలే అనుకుంటిమి."

ఆ సెట్టు చేతిలోకి తీసుకున్నాను. పైన ఎర్ర వెల్వెట్, దాని మీద జరీ పువ్వులు, అద్దం బిళ్లలు. లోపల ఫోమ్. చర్మానికి ఆనే వైపు నల్లటి రబ్బరు షీటు. బకిళ్లకు తళతళలాడే నికెల్ పూత, ఒకచోట ఆ పూత లేచి కింది లోహం కనిపిస్తోంది. తడిగుడ్డతో వెల్వెట్ అంచు రుద్దితే గుడ్డకు ఎరుపు అంటింది. తలకట్టు ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్త టైరు వాసన. ఎండాకాలం రాత్రి, బ్యాండు మోతలో, లైట్ల వేడిలో, పెళ్లికొడుకును మోస్తూ గంటల తరబడి అడుగులో అడుగేసే గుర్రం ముఖానికి ఈ రంగూ రబ్బరూ చెమటలో నాని అంటుకుని ఉంటాయి.

అంతటితో అయిపోలేదు. పొట్ట కింద తంగు బిగించేచోట ఇంకో రకం మచ్చలు కనిపించాయి. ఇవి గుండ్రంగా ఉన్నాయి, రూపాయి బిళ్లంత, అంచున పొట్టు లేచి. తంగు ఆనని చోట, డొక్క మీద కూడా రెండు ఉన్నాయి. యజమాని పెద్దకొడుకు మోచేతి మీద అలాంటిదే గుండ్రటి మచ్చ. అతను సిగ్గుపడి చొక్కా చేయి కిందికి లాక్కున్నాడు. ఒకే గుర్రం మీద రెండు జబ్బులు, ఇంట్లోవాళ్లు మాత్రం రెండింటికీ ఒకటే వేపనూనె రాస్తున్నారు.

గద్వాలకు గుర్రం కొత్త కాదు. కోట కట్టించిన సోమనాద్రి గురించి ఈ నడిగడ్డ సీమలో చెప్పుకునే కథల్లో గుర్రం కథే ముందుంటుంది. యుద్ధంలో రాజు గుర్రం శత్రువులకు చిక్కితే, దాన్ని తెస్తానని ఒక సామాన్యుడు వెళ్లి గడ్డిలో దాక్కున్నాడట. గుర్రాన్ని కట్టేయడానికి కొట్టిన మేకు అతని అరచేతిలో దిగినా కిమ్మనలేదట. చివరికి ఆ చేయి కోసుకుని మరీ గుర్రాన్ని తెచ్చాడంటారు. ఎంతవరకు జరిగిందో గానీ, గుర్రం కోసం చేయి ఇచ్చినవాణ్ని తరతరాలుగా తలుచుకునే ఊరిది.

నాగర్‌కర్నూల్‌లో నేను కలిసిన పశువైద్యురాలి దగ్గరికి ఎక్కువగా వచ్చేవి గొర్రెలు, మేకలు, బర్రెలు, అమ్రాబాద్ వైపు నుంచి పొడతూర్పు ఎడ్లు. గుర్రం ఎప్పుడో గాని రాదు. ఫొటోలు చూపిస్తే రెండువేళ్లతో పెద్దవి చేసి చాలాసేపు చూశారు.

"అలర్జీ అనే మాట అన్నిటికన్నా చివర రావాలండీ," అన్నారు. "ముందు రాపిడి. తర్వాత చెమట, సబ్బు, నూనె మంట. ఆ తర్వాత తామర, పురుగు కాటు. ఇవేవీ కావని తేలితేనే అలర్జీ."

డొక్క మీది గుండ్రటి మచ్చలు చూడగానే తామర అన్నారు. బూజు జాతి క్రిమి తెచ్చే జబ్బది. ఒకే తంగు, ఒకే బ్రష్ రెండు గుర్రాలకు వాడితే పాకుతుంది, మనిషికీ అంటుతుంది. అబ్బాయి మోచేతి సంగతి చెప్పాను. అతన్ని డాక్టరుకు చూపించమని, తంగు, బ్రష్‌లు విడిగా ఉతికి ఎండలో ఆరేయమని చెప్పారు. పురుగు కాటు అలర్జీ మరో తీరు. నలుసంత దోమల జాతి కుట్టడం వల్ల వచ్చే ఆ దురద ఎక్కువగా జూలు దగ్గర, తోక మొదట్లో కనిపిస్తుంది, గుర్రం చెట్టుకు తోక రుద్దుకుని పీచు చేసుకుంటుంది. జీను సరిగా కూర్చోక ఒత్తిడి పడినచోట మాత్రం కొన్నాళ్లకు తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి. ఎర్ర గుర్రం వీపున తెల్లచుక్కలు చూస్తే పాత జీను ఎక్కడ నొక్కిందో చెప్పొచ్చు. తెల్ల గుర్రానికి ఆ గుర్తూ దక్కదు.

మరి ముఖం మీది తిన్నటి మచ్చ? దానికి రెండు దారులున్నాయని వివరించారు. ఒకటి, రసాయనం నేరుగా చర్మాన్ని మండించడం. ఇది ఏ గుర్రానికైనా, తొలిసారికే జరగొచ్చు. రెండోది అసలైన అలర్జీ. ఇందులో ఒంటి రక్షణ వ్యవస్థ ఫలానా పదార్థాన్ని ముందు గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత అది మళ్లీ తగిలినప్పుడు ఒకటి రెండు రోజుల్లో, ఒక్కోసారి మూడో రోజుకు, చర్మం మీద తిరగబడుతుంది. అందుకే మొదటి వాడకాల్లో ఏమీ కాదు. గద్వాల యజమాని చెప్పింది సరిగ్గా ఇదే. అలవాటవుతుందని వాళ్లు ఎదురుచూసిన రోజుల్లో దాని ఒళ్లు ఆ పదార్థాన్ని శత్రువుగా నేర్చుకుని ఉండొచ్చు.

అనుమానించాల్సిన పదార్థాల పేర్లు ఆవిడ నోటివెంట వరసగా వచ్చాయి. రబ్బరును గట్టిపరచడానికి కలిపే థయూరాములు, మెర్కాప్టో రకాలు. నియోప్రీన్ షీట్లలోని థయోయూరియాలు. తోలు ఊనడానికి వాడే క్రోమియం. అద్దకం రంగులు, జిగురు, నికెల్. మనుషుల్లో వీటిమీద చాలా పరిశోధన జరిగింది. క్రోమ్ తోలులో ఆరు వేలెన్సీ క్రోమియం పుట్టి చర్మానికి హాని చేస్తోందని, మనిషి ఒంటికి తగిలే తోలు వస్తువుల్లో అది కిలోకు 3 మిల్లీగ్రాములకు చేరకూడదని 2015 నుంచి యూరప్‌లో నిబంధన ఉంది. గుర్రం ముఖానికి అలాంటి లెక్క ఎవరూ కట్టినట్టు నాకు కనిపించలేదు. నాకు కోపం తెప్పించేది ఇదే. మనకు దురద పెడితే చొక్కా విప్పేస్తాం. గుర్రం విప్పుకోలేదు.

పైగా గుర్రం చెమట కూడా మన చెమటలాంటిది కాదు. అందులో లేథెరిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, సబ్బులా నురగ తెస్తుంది. వెంట్రుకల మధ్య చెమట త్వరగా పరుచుకుని ఒళ్లు చల్లబడడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు. పట్టీ కింద గాలి ఆడకపోతే మాత్రం ఆ నురగే ఫోమ్‌ను, రంగును, జిగురును నానబెట్టి చర్మానికి పూస్తుంది.

పరీక్ష ఎలా చేయాలని అడిగాను. ఖరీదైన సరంజామా ఏమీ అక్కర్లేదన్నారు. మొత్తం తొడుగు తీసేయాలి. మామూలు నీళ్లతో కడిగి వారం పది రోజులు వదిలేయాలి. చర్మం శాంతించాక ఒక్కో వస్తువునే తిరిగి వేయాలి, ఒక్కోదానికి మధ్య కొన్ని రోజులు ఎడం ఇవ్వాలి. దేనితో మచ్చ తిరిగొస్తే అదే కారణం. స్టెరాయిడ్ సూదితో దురద త్వరగా తగ్గుతుంది గానీ, గుర్రాల్లో అది గిట్టల లోపలి పొరల వాపుకు దారితీసే ప్రమాదం ఉంది కాబట్టి మందుల దుకాణంలో కొని సొంతంగా పొడిచేది కాదని గట్టిగా చెప్పారు. ఇంకో హెచ్చరిక కూడా చేశారు. కాళ్ల మీదో ముఖం మీదో వరసగా గడ్డలు లేచి పగులుతున్నా, ముక్కు నుంచి చీము కారుతున్నా అది గ్లాండర్స్ కావొచ్చు. మనుషులకు సోకే ప్రాణాంతక వ్యాధి. వెంటనే పశువైద్యశాఖకు తెలపాలి, 2009 నాటి చట్టం కూడా అదే చెబుతోంది.

"పది రోజులు గుర్రాన్ని ఆపమంటే ఆపుతారా?" అన్నాను. ముహూర్తాలు లేని మూఢంలో చేయించండి, అన్నారు ఆవిడ వెంటనే. ఈ ఊళ్లలో పనిచేసినవాళ్లకే తట్టే జవాబది.

తోలు సంగతి తెలిసినవాళ్ల కోసం వనపర్తి వెళ్లాను. ఇక్కడి రాజావారి ప్యాలెస్ ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ. 19వ శతాబ్దంలో ఇక్కడి రాజా రామేశ్వరరావు పెంచిన సైన్యంలో ఆఫ్రికా మూలాల సిద్దీ రౌతులు ఉండేవారు. ఆ దళం తర్వాత నిజాం పరమైంది. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరునే మోస్తోంది. అన్ని గుర్రాలకు జీన్లు, పగ్గాలు, తంగులు కావాలి కదా. కుట్టినవాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

ఆ పని చేతిలో మిగిలిన ఒక ముసలాయన ఊరి చివర చింతచెట్టు కింద కూర్చుని డప్పుకు వారు బిగిస్తున్నాడు. ముందు ఆరె, రంపె, చిన్న గూటం. మోటబావుల కాలంలో వాళ్లింట్లో తోలు ఊనే లందలు ఉండేవట. పచ్చితోలును సున్నంలో నానబెట్టి వెంట్రుక తీసి, గీకి, కడిగి, దంచిన తంగేడు చెక్క నీళ్లలో వారాల తరబడి ఊనేవారు. ఆఖర్న కరక్కాయ, కానుగ నూనె. బతుకమ్మలో పేర్చే తంగేడు పూలు అందరికీ తెలుసు, రాష్ట్ర పుష్పం కూడా అదే. ఆ చెట్టు బెరడు ఈ నేల తోలునంతా ఊనిందని తెలిసినవాళ్లు తక్కువ. ఆ లందల కంపు భరించి ఊరందరి కాళ్లకూ ఎడ్ల మెడలకూ తోలు అందించినవాళ్లను ఊరు మాత్రం ఎప్పుడూ అవతలే ఉంచింది.

కరెంటు మోటార్లొచ్చి మోటలు పోయాయి, లందలు పూడిపోయాయి. ఆయన చూపు మాత్రం పోలేదు. నేను తెచ్చిన రెండు తోలు ముక్కల్ని రంపెతో అంచున కోసి చూపించాడు. ఒకదాని లోపల నీలం కలిసిన బూడిద రంగు. "ఇది మందు తోలు," అన్నాడు, అంటే క్రోమ్‌తో ఊనింది. రెండోది అంచు నుంచి నడుమ దాకా గోధుమ రంగు. "ఇది చెక్క తోలు నాయనా. ఎండల వెడితె ఎర్రవడ్తది. అందుకే కరక్కాయ వెడ్తుంటిమి." తంగేడు తోలు ఎండకు ఎరుపెక్కకుండా కరక్కాయతో ముగించడం మద్రాసు తోళ్ల కార్ఖానాల్లోనూ ఉన్న పద్ధతే. చెక్క తోలైతే ఏ చర్మానికైనా పడుతుందని మాత్రం చెప్పలేం. దానికి పూసే రంగు, నూనె, వానాకాలం పట్టే బూజు కూడా దురద తేవచ్చు. అయినా అనుమానించాల్సిన వస్తువులు బాగా తగ్గుతాయి.

అక్కడి నుంచే గద్వాలకు ఫోన్ కలిపి ఇద్దర్నీ మాట్లాడించాను. రంగు వేయని చెక్క తోలు, నికెల్ పూత లేని ఇత్తడి బకిళ్లు, లోపల ఉతకడానికి వీలుగా నూలు గుడ్డ తొడుగు. తిరుమల స్వామికి జోడు పంచెలు నేసి పంపే ఊళ్లో గుర్రం చెంపకు అడ్డం వేయడానికి జానెడు నూలు గుడ్డ దొరక్కపోదు. వెల్వెట్, అద్దాలు లేకపోతే పెళ్లివాళ్లు ఒప్పుకోరని యజమాని బెంగపడ్డాడు. వాటిని చర్మానికి తగలకుండా పైన విడిగా కట్టుకోవచ్చని ముసలాయన నచ్చజెప్పాడు.

"చెవుల నడుమ ఎంతుందో, దవడ చుట్టు ఎంతుందో దారం వెట్టి కొలిచి పంపు బిడ్డా. తోలు తెచ్చే ఖర్చు ముందుగాల ఇయ్యాలె. మచ్చ మానిందాంక మాత్రం నేను కుట్టియ్య."

అవతలి నుంచి కాసేపటికి "సరే తాతా, మూఢం వడ్డంక పంపుత" అని వినిపించింది.