అబింగ్డన్ కారు ఎందుకాగింది?

వంద కిలోమీటర్లు చిన్న దగ్గు కూడా లేకుండా వస్తుంది. ముందున్న లారీని దాటుదామని యాక్సిలరేటర్ తొక్కగానే ఊపిరి అందనట్టు గిలగిల్లాడుతుంది. పక్కకు తీసి, బానెట్ ఎత్తేలోపు ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే అక్కడ మహా బుద్ధిగా నడుస్తుంది! పాత స్పోర్ట్స్ కారున్న ఇళ్లలో తరచూ వినిపించే గోడు ఇది. పూర్తిగా పాడైన కారును బాగుచేయడం తేలికే. అప్పుడప్పుడు మాత్రమే మొరాయించే కారుతోనే తంటా. ఇలాంటి మొరాయింపులకూ, వాటి మందులకూ పేరుపడ్డ కారు ఎంజీబీ. దాని పుట్టిల్లు ఇంగ్లండులోని అబింగ్డన్.

తేమ్స్ ఒడ్డున...

ఆక్స్‌ఫర్డ్‌కు దక్షిణంగా పది కిలోమీటర్ల దూరంలో తేమ్స్ నది ఒడ్డున ఉంటుందీ చిన్న ఊరు. 1963లోనే ప్యాసింజరు రైళ్లు ఆగిపోయాయి. అందుకే ఆక్స్‌ఫర్డ్‌లో దిగి బస్సెక్కాల్సిందే. పదిహేనో శతాబ్దం నాటి రాతి వంతెన, దూరం నుంచే కనిపించే సెయింట్ హెలెన్ చర్చి శిఖరం, సంత వీధి మధ్యలో 1680ల నాటికి పూర్తయిన కౌంటీ హాలు... ఇవీ ఊరి ఆనవాళ్లు. రాజులకు పట్టాభిషేకం జరిగినప్పుడల్లా ఆ హాలు పైకప్పు మీంచి జనంలోకి బన్నులు విసరడం ఇక్కడి ఆచారం. 18వ శతాబ్దంలో మూడో జార్జి కాలం నుంచీ వస్తోందట. 2023లో మూడో చార్లెస్ పట్టాభిషేకానికీ విసిరారు!

ఇంత పాత ఊరికి ప్రపంచమంతటా పేరు తెచ్చింది మాత్రం కార్లే. ఆక్స్‌ఫర్డ్‌లోని మోరిస్ గ్యారేజెస్ పేరులోని మొదటి అక్షరాలే ఎంజీ. సెసిల్ కింబర్ చేతుల్లో పెరిగిన ఆ సంస్థ 1929లో అబింగ్డన్‌కు మారింది. 1962లో వచ్చిన ఎంజీబీ దాని పేరును ఖండాలు దాటించింది. 1798 సీసీ ఇంజిన్, రెండు సీట్లు, తెరిచి మూసుకునే టాపు. ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. చాలావరకు అమెరికాకే వెళ్లాయి.

1979 సెప్టెంబరులో ఫ్యాక్టరీ అబింగ్డన్‌కు వచ్చి యాభై ఏళ్లయిందని ఊరంతా వేడుక చేసుకుంది. అది ముగిసిన వెంటనే మూసివేత కబురు వచ్చింది. 1980 అక్టోబరులో ఆఖరి కారు బయటికొచ్చింది. కార్లు మిగిలాయి, వాటిని చేసిన చేతులకు పని పోయింది. మరి కారు మొరాయిస్తే చెప్పేదెవరు?

అంబాసిడర్‌కు చుట్టం

ఈ కారు మనకు బొత్తిగా పరాయిదేం కాదు. అబింగ్డన్‌కు దగ్గర్లోని కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డే మన దగ్గర అంబాసిడర్ అయింది. 1957 నుంచి 2014 దాకా కోల్‌కతా దగ్గరి ఉత్తరపారాలో తయారైన ఆ కారులో చాలాకాలం ఉన్న 1489 సీసీ పెట్రోలు ఇంజినూ, ఎంజీబీ ఇంజినూ ఒకే కుటుంబానివి. ఎండాకాలంలో ఆగిపోయిన అంబాసిడర్ పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి, చెట్టునీడన కూర్చుని ఎదురుచూసిన డ్రైవర్లు మన ఊళ్లలో ఎందరో! వేడికి పెట్రోలు ఆవిరై దారికి అడ్డుపడితే ఆ చిట్కా పనిచేసేది. కానీ ప్రతిసారీ కారణం ఆవిరే కాదు కదా.

పెట్రోలా? కరెంటా?

కారు ఆగగానే ప్లగ్గులు, కాయిల్, కార్బురేటర్... ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోవడం చాలామంది చేసే పని. డబ్బులు పోతాయి, జబ్బు పోదు. పైగా అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు. అనుభవజ్ఞులు ముందు అడిగేది ఒక్కటే ప్రశ్న: అందనిది పెట్రోలా, కరెంటా?

జవాబు ముందు డాష్‌బోర్డు మీదే దొరుకుతుంది. 1964 చివరి తర్వాతి ఎంజీబీల్లో ఇంజిన్ తిరిగే వేగం చూపే ముల్లు కరెంటుతో పనిచేస్తుంది. గేరులో పరుగెడుతున్నప్పుడు ఇంజిన్ చచ్చుబడినా, చక్రాలు దాన్ని తిప్పుతూనే ఉంటాయి. ఆ క్షణంలో ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతే ఇగ్నిషన్ వైరింగులో లోపమని అనుమానించాలి. ముల్లు బండి వేగంతోపాటే మెల్లగా దిగితే పెట్రోలు వైపు చూడాలి.

రెండో సాక్షి చెవి. ఎంజీబీ పెట్రోలు పంపు ఇంజిన్ దగ్గర ఉండదు. చాలా కార్లలో వెనక కుడి చక్రం పక్కన ఉంటుంది. తాళం తిప్పగానే టకటకమని కొట్టుకుని, కార్బురేటర్లు నిండగానే ఆగాలి. అసలు చప్పుడే లేకపోతే లోపలి కాంటాక్టులు మాడి ఉండొచ్చు, కరెంటైనా రాకపోయి ఉండొచ్చు. ఆపకుండా కొట్టుకుంటుంటే గొట్టాల్లో ఎక్కడో గాలి చొరబడుతున్నట్టు, లేదా ట్యాంకు ఖాళీ! మొండికేసిన పంపును చెప్పుతో ఒక్కటిస్తే కదులుతుందన్నది ఎంజీబీ యజమానులందరికీ తెలిసిన వైద్యం. ఇంటికి చేరడానికి పనికొస్తుందంతే.

అరగంట నడిచాకే ఆగుతోందా? పెట్రోలు ట్యాంకు మూత తీసి చూడాలి. ‘ఉస్సు’మని గాలి లోపలికి పీల్చుకుంటే మూతకున్న గాలిదారి మూసుకుపోయినట్టే. ట్యాంకులో తుప్పు రాలి ఫిల్టరుకు అడ్డుపడ్డా ఇదే వరస. మెల్లగా వెళ్తే ఫరవాలేదు. ఎక్కువ పెట్రోలు కావాల్సిన ఎక్కుడు దారిలోనే నీరసం.

ఇంజిన్ వేడెక్కాక ఆగి, చల్లారాక నడిస్తే కాయిల్‌నూ కండెన్సర్‌నూ అనుమానించాలి. అన్నిటికన్నా మాయలాడి డిస్ట్రిబ్యూటర్ లోపలి చిన్న వైరు. మన మెకానిక్‌లు డెల్కో అంటారే, అదే. యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా లోపలి పళ్లెం అటూ ఇటూ కదులుతుంది. దాంతోపాటు వంగి వంగి, పైన తొడుగు బాగానే ఉన్నా లోపల రాగి తీగ తెగుతుంది. షెడ్డులో నిలబెట్టి చూస్తే రెండు కొసలూ కలిసే ఉంటాయి. రోడ్డు మీద విడిపోతాయి!

అందుకే ఎప్పుడు ఆగింది, ఎంత దూరం వచ్చాక, ఎండా వానా, ఎక్కుడు దారా... అన్నీ రాసుకోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. పదేపదే ఆగే కారును చౌకగా వదిలించుకున్నవాళ్లున్నారు. దాటే మధ్యలో బలం చచ్చే కారు ప్రాణాలకూ ముప్పే. తీరా చూస్తే, దోషి కొద్ది పైసల వైరు కావచ్చు.

కొత్త చిక్కు

2021 సెప్టెంబరు నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. 2025 నాటికి మన దేశంలో అది ఇరవైకి చేరింది. పాతకాలపు రబ్బరు గొట్టాలకు ఇది పడదు. మెత్తబడి, లోపలి పొర విడిపోతే ఆ ముక్కలే పెట్రోలుకు అడ్డం. బయటికి కారితే మంటలకూ అవకాశం. అందుకే పాత కార్ల యజమానులు ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయించుకుంటున్నారు.

ఫ్యాక్టరీ లేకున్నా...

ఒకప్పుడు ఎంజీ ఫ్యాక్టరీ ఉన్న స్థలానికి ఆనుకునే ఉంది ఎంజీ కార్ క్లబ్ కార్యాలయం. 1930లో పుట్టిన క్లబ్బు ఇది. భవనం పేరు కింబర్ హౌస్. మరోవైపు, అదే ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని విట్నీలో పాత అచ్చులతోనే కొత్త ఎంజీబీ బాడీలు మళ్లీ తయారుచేశారు. యంత్రం కన్నా విలువైనది, దాని చప్పుడును బట్టి జబ్బు పోల్చే చెవి. దాన్ని చేతులు మారుస్తూ కాపాడుతోంది ఈ అభిమానులే.

ఎంజీ పేరిప్పుడు చైనా సంస్థది. 2019లో మన రోడ్ల మీదికీ వచ్చింది. వాటిల్లో లోపముంటే కంప్యూటరు తగిలించి చూస్తారు. అబింగ్డన్ వెళ్లినవాళ్లు మాత్రం కౌంటీ హాలు మ్యూజియంలో ఆ ఊళ్లోనే తయారైన ఎంజీబీని చూసి రావచ్చు. అదొక్కటే ఇక దారిలో ఆగదు!