క్రొత్త లాప్‌టాపు, కావలసిన సంభారములు



క్రొత్త కాపురము పెట్టు పిల్లకు సామాను సమకూర్చుట మనలో ననేకులకు తెలిసిన పనియే. అంగడికి పోయినచో కనబడిన ప్రతి వస్తువును కావలసినదే యనిపించును. ఆఱు నెలలు గడచిన పిదప చూచినచో అందులో సగము అటకెక్కి యుండును. మొదటి దినమున పొయ్యి వెలిగించి వంట చేయుటకు నిజముగా కావలసినవి పదియైన నుండవు. ప్రోగ్రాములు వ్రాయు వృత్తిలో నున్న మా యాడుబిడ్డకు గత మాసమున క్రొత్త యుద్యోగముతో పాటు క్రొత్త లాప్‌టాపు వచ్చినది. దానిలో నే సాఫ్టువేరు ముందు పెట్టవలెనను విచారము మా యింట రెండు దినములు జరిగెను. మేము కాలేజీలకు పోయినవారము కాము. మా తాతగారి యొద్ద అమరమును, భారత భాగవతములను చదువుకొన్నవారము. అయినను ఆ రెండు దినములు ఆమె ప్రక్కనే కూర్చుండి, ఆమె చెప్పినదెల్ల నోటుపుస్తకమున వ్రాసితిమి. ఏల వ్రాయవలసి వచ్చెనో ముందు చెప్పెదము.

2023వ సంవత్సరపు దసరా దినములలో నామె హైదరాబాదు నుండి మా యింటికి వచ్చి, యిచ్చటి నుండియే పని చేయుచుండెను. అప్పటి కంపెనీ చిన్నది. వారు యంత్రము నీయలేదు. ఆమె సొంతముగా కొన్న లాప్‌టాపులో ముప్పదికి పైగా ప్రోగ్రాము లుండెడివి. ఎవరో బాగున్నదనిరని యొకటి, వీడియోలో చూచి యొకటి. మహర్నవమి నాటి రాత్రి అది యున్నట్టుండి ఆగిపోయెను. రెండు దినములైన పిదప మా వారు దానిని తెనాలిలో నొక దుకాణమునకు కొనిపోగా, లోపలి డిస్కు చెడినదనియు, అందున్నది తిరిగి రాదనియు చెప్పిరి. పదునొకండు దినముల పని దానిలోనే యుండెను. వేఱొక ప్రతి యెచ్చటను లేదు. పాస్‌వర్డు లన్నియు నొక మామూలు ఫైలులో వ్రాసికొని యుండెనట. అదియు దానితోడనే పోయెను. పై యధికారి ఫోనులో నన్న మాటలు మే మిచ్చట వ్రాయము. క్రొత్త డిస్కు వేయించుకొని, ఆఱు రాత్రులు నిద్ర మాని, ఆ పనినెల్ల ఆమె మరల చేసెను. అర్ధరాత్రి మజ్జిగ యిచ్చుటకు పోయిన మాతో, "వదినా, ఈ వృత్తి నాకు తగినది కాదేమో" అన్నది. మా యత్తగారు అదే యదనుగా పెండ్లి మాట యెత్తిరి. చదివిన చదువంతయు మూటగట్టి మూల పెట్టునేమో యని మేము చాల దినములు భయపడితిమి.

పోతనగారి భాగవతములో కొన్ని భాగములు శిథిలమై పోగా గంగన, సింగన, నారయ యనువారు పూరించిరని పెద్దలు చెప్పుదురు. పూరించినవారు సామాన్యులు కారు. అయినను పంచమ స్కంధము చదువునప్పుడెల్ల, పోతనగారి చేతి పద్యమైన నెట్లుండెడిదో యని మా మనస్సు కలుక్కుమనును. తాను వ్రాసినదానినే తాను మరల వ్రాసినను మొదటిదానివలె కుదురలేదని మా యాడుబిడ్డయు చెప్పినది.

కావుననే యీసారి ఆమె మొట్టమొదట పెట్టినది గిట్. ఈ పేరు వినగానే, గిట్టుట యనగా చచ్చుట గదా యని మాకు జంకు కలిగెను. నచ్చుట యను నర్థమును కలదని మా వారు సమాధానము చెప్పిరి. లినక్సును నిర్మించిన లైనస్ టోర్వాల్డ్స్ దీనిని 2005లో చేసెను. ఏ దినమున నే పంక్తి యెవరు మార్చిరో, ఏల మార్చిరో యంతయు దీనియందు నిలిచి యుండును. మార్చినది నచ్చనిచో పూర్వపు పాఠమునకు మరలవచ్చును. తాటాకు గ్రంథములలోని పాఠభేదములకై పండితులు పడిన పాట్లు ఎఱిగిన మాకు ఇది యెంతయో ముచ్చటగా తోచెను. అరణ్యపర్వమున నన్నయగారు విడిచిన చోటును, ఎఱ్ఱనగా రందుకొన్న చోటును వలె, ఇద్దఱు వ్రాసిన పనిలో నెవరి పంక్తి యెవరిదో ఇట్టే చూపవచ్చును.

అయితే, 2023లోను గిట్ ఆమె యంత్రములో నుండెను! ప్రతి దినమును అందులో నమోదు చేయుచునే యుండెను. నమోదు చేసినదానిని దూరముననున్న సర్వరునకు పంపుట మాత్రము, పని పూర్తియైన పిదప నొక్కసారే పంపవచ్చునని వాయిదా వేసెను. దస్తావేజు నకలు తీయించి, ఆ నకలును గూడ అదే పెట్టెలో పెట్టి తాళము వేసినట్లయినది. ఇప్పుడు దీపము పెట్టు వేళ కాగానే, పని సగములో నున్నను సర్వరునకు పంపివేయుచున్నది.

రెండవది పాస్‌వర్డులు దాచు ప్రోగ్రాము. బిట్‌వార్డెన్, కీపాస్ ఎక్స్‌సి యను రెంటిలో మొదటిదానికి ఆమె కంపెనీ వారు సమ్మతించిరి. పొడుగైన పాస్‌వర్డు నొక్కదానిని తాను గుర్తుంచుకొన్నచో తక్కినవి అది కాపాడును. సర్వరులోనికి ప్రవేశించుటకు వేఱుగా ఎస్ఎస్‌హెచ్ అను తాళముల జత కావలయునట. అందొకటి తాళపుకప్ప వంటిది, పదిమందికిని ఈయవచ్చును. రెండవది చెవి; అది యీ యంత్రము దాటి పోరాదు. పాత చెవిని నకలు తెచ్చుకొనక ఆమె క్రొత్త జతనే చేసికొన్నది. ఇల్లు మారినప్పుడు పాత తాళమునే తెచ్చి తగిలించు మా బోంట్లము నేర్చుకొనదగిన పద్ధతి.

ప్రోగ్రాములు వ్రాయుటకు పలక వంటిది ఎడిటరు. ఇచ్చట మా కిద్దఱకును వాదము వచ్చెను. ఆమె మైక్రోసాఫ్టు వారు 2015లో వెలువరించిన విజువల్ స్టూడియో కోడ్ కావలెనన్నది. విమ్ అనునది మఱియొకటి కలదు. మన మెఱిగినంతవఱకు విమ్ అనగా గిన్నెలు తోము సబ్బు. ఈ విమ్మును హాలండు దేశస్థుడైన బ్రామ్ మోలెనార్ 1991లో వెలువరించి, 2023లో తాను మరణించువఱకు దిద్దుచునే యుండెను. వెల యేమియు పుచ్చుకొనక, నచ్చినవారు ఉగాండా దేశమందలి దిక్కులేని పిల్లలకు సాయము చేయుడని మాత్రము కోరెనట. ఈ మాట వినగానే మేము విమ్ము పక్షము వహించితిమి. మా వాదము నెగ్గలేదు. తోటివారందఱు మొదటిదానినే వాడుచుండగా తా నొక్కతె వేఱుదారి పట్టిన కలిసి పనిచేయుట కష్టమని యామె యన్నది, అది నిజమే. సర్వరులలో చిన్న సవరణలు చేయుటకు మాత్రము విమ్ము నుంచుకొన్నది.

ఆ యెడిటరునకు తగిలించుకొను ఎక్స్‌టెన్షనులు వేలకొలది కలవు. అవి దుకాణములోని రిబ్బనుల వలె నాకర్షించును. ఒక్కొక్కటియు నెవరో యపరిచితులు వ్రాసినది. ఎడిటరు చూడగల ఫైలునెల్ల అదియు చూడగలదు. పనిమనిషిని కుదుర్చుకొనునపుడు పది ఇండ్లలో విచారించు మనము, వీనిని విచారింపకయే లోనికి రానిత్తుము. పాతదానిలో నలువదికి మించి యుండగా, ఈసారి యేడింటితో సరిపెట్టినది.

డాకర్ విషయము వేఱు. ఒక ప్రోగ్రామును దానికి కావలసిన సమస్త సామగ్రితో నొక డబ్బాలో సర్ది, యే యంత్రము మీద విప్పినను ఒకే తీరున నడుచునట్లు చేయునది యది. దాని డెస్కుటాపు రూపము 2021లో జరిగిన మార్పు వలన పెద్ద కంపెనీలకు ఉచితము కాదు. 250 మందికి తక్కువ యుద్యోగులును, కోటి డాలర్లకు తక్కువ వార్షికాదాయమును గల వ్యాపారములకే ఉచితము. తెలియక పెట్టుకొన్నచో దోషము యజమాని మీదికి వచ్చును. అనుమతి వచ్చువఱకు ఆమె పోడ్‌మన్ అను ఉచితమైనదానితో పని గడుపుకొన్నది.

తక్కినవి చెప్పనక్కఱలేదు. బ్రౌజర్లు రెండు, తెలుగు కీబోర్డు ఒకటి, అంతే. మా వారు తరగతి మార్కుల పట్టిక లందు వేసికొనవచ్చునా యని యడిగిరి. "ఇది కంపెనీ సొత్తు, అన్నయ్యా" అని యామె నవ్వుచునే కాదన్నది. వారు కొంచెము చిన్నబుచ్చుకొనిరి గాని, బడి సుద్దముక్క యింటికి తేని మనుష్యుడు గనుక మాఱు పలుకలేదు. ఆటలు వేయుమని యేడ్చిన మా చిన్నవానికి మాత్రము సమాధానము చెప్పుట మా వంతైనది.

రెండవ నాటి సాయంకాలము ఆమె యొక పరీక్ష పెట్టుకొన్నది. "వదినా, ఇది యిప్పుడే కాలువలో పడినదనుకొందము. మరల పనికి కూర్చుండుట కెంతసేపు పట్టునో చూతము" అని మా పాత లాప్‌టాపు తీయించినది. విండోస్ 10కి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినందున దానిలో నంతకు ముందే ఉబుంటు వేయించి యుంటిమి. కంపెనీ పని యేదియు దానిలోనికి తేక, తన యమరికలు వ్రాసి గిట్‌లో దాచుకొన్న ఫైలులను మాత్రము దింపి, మా నోటుపుస్తకములోని వరుస ప్రకారము ఒక్కొక్కటే పెట్టుచు వచ్చినది. గడియారము మా చేతిలో నుండెను. నలువది నిమిషములకు ఎడిటరు తన పాత రూపుతో తెఱచుకొన్నది. మా యత్తగారు జపమాల ప్రక్కన పెట్టి, "అయినదా?" అని యడిగిరి. అయినదన్నాము. ఆ రాత్రి పెండ్లి మాట రాలేదు.

పడుకొనబోవు ముందు ఆ పిల్ల యొక కాగితము తెచ్చి మా చేతిలో పెట్టినది. తన ఫోను పోయినచో పాస్‌వర్డుల ప్రోగ్రాములోనికి మరల ప్రవేశించుటకు కావలసిన అక్షరముల వరుస దానిపై వ్రాసియున్నది. "ఇది యంత్రములో నుండరాదు, నీయొద్ద నుండవలెను" అన్నది. ఇనుప పెట్టెలోనా, బీరువాలోనా యని కొంతసేపు తర్కించి, తుదకు మా తాతగారి పుస్తకములలో నొకదానిలో పెట్టితిమి. ఏ పుస్తకమో, ఏ పుటయో ఇచ్చట వ్రాయము.